టెన్నిస్ పందేలకు బోనస్ ఆఫర్లను పోల్చేటప్పుడు ముందుగా ఏ షరతు చూడాలి?

ప్రశ్న: బేస్‌లైన్

అందరికీ నమస్కారం. నేను టెన్నిస్ మీద మాత్రమే, అదీ ఎక్కువగా గ్రాండ్‌స్లామ్ టోర్నీలు జరిగే రోజుల్లోనే పందెం కాస్తాను. ఇంతవరకూ ఒకే సైట్‌లో ఖాతా ఉంది. వచ్చే గ్రాండ్‌స్లామ్‌కు ముందు మరో ఖాతా తెరవాలనే ఉద్దేశంతో, మూడు సైట్లు కొత్తవారికి ఇస్తున్న బోనస్‌లను పక్కపక్కన పెట్టి చూశాను. మూడూ మూడు రకాలుగా ఉండడంతో ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను. లెక్క అందరికీ సులువుగా అర్థమవుతుందని మొత్తాలను యూనిట్లలో రాస్తున్నాను.

మొదటి సైట్‌లో 100 యూనిట్లు డిపాజిట్ చేస్తే మరో 100 బోనస్‌గా ఇస్తారు. అయితే డిపాజిట్, బోనస్ రెండూ కలిపిన మొత్తానికి 8 రెట్లు పందెం కాసిన తర్వాతే బోనస్ సొమ్మును విత్‌డ్రా చేసుకోవచ్చు. ఆడ్స్ (గెలిస్తే పందెం సొమ్ముకు ఎన్ని రెట్లు తిరిగి వస్తుందో చెప్పే అంకె) 1.80కి తక్కువ ఉన్న పందేలు ఆ లెక్కలోకి రావు, గడువు 30 రోజులు. రెండో సైట్‌లో 100 డిపాజిట్‌కు 50 మాత్రమే బోనస్ ఇస్తారు కానీ, రోల్‌ఓవర్, అంటే విత్‌డ్రాకు ముందు కాయవలసిన పందేల మొత్తం, బోనస్‌కు మాత్రమే 5 రెట్లు, కనీస ఆడ్స్ 1.50, గడువు 14 రోజులు. మూడో సైట్‌లో డిపాజిట్ బోనస్ లేదు. 30 యూనిట్లతో 1.50 లేదా అంతకంటే ఎక్కువ ఆడ్స్ ఉన్న ఒక పందెం కాస్తే, అది తేలిన తర్వాత 30 యూనిట్ల ఫ్రీ బెట్ ఇస్తారు. దానిని 7 రోజుల్లో వాడుకోవాలి, గెలిస్తే లాభం మాత్రమే మనది, ఆ 30 తిరిగి రాదు.

చూపుకు మొదటిదే పెద్దది. కానీ ఆ 8 రెట్ల షరతు దగ్గర నా మనసు ఆగిపోతోంది. టెన్నిస్ మాత్రమే ఆడేవాడికి వీటిలో ఏది నిజంగా విలువైనది? మొత్తాలు, రెట్లు కాక ఇంకేమైనా చూడాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: టైబ్రేక్

బేస్‌లైన్ గారూ, మీ మనసు సరైన చోటే ఆగింది. బోనస్ విలువ దాని మొత్తంలో ఉండదు. దానిని విడిపించుకోవడానికి ఎంత సొమ్మును ఎన్నిసార్లు పందెంలో తిప్పాలి, తిప్పిన ప్రతిసారీ సైట్ ఎంత కోసుకుంటుంది అనే రెండు అంకెల గుణకారంలో ఉంటుంది. మొదటి అంకెను షరతుల పేజీలో రాస్తారు, రెండోదానిని మాత్రం ఎవరూ రాసిపెట్టరు కాబట్టి అది మనమే లెక్కించుకోవాలి.

ఆ లెక్క టెన్నిస్‌లో సులువు, ఎందుకంటే డ్రా ఉండదు, మ్యాచ్‌కు ఫలితాలు రెండే. సమాన బలం ఉన్న ఇద్దరు ఆటగాళ్లకూ సైట్ 1.90 చొప్పున ఆడ్స్ ఇస్తోందనుకుందాం. ఒక్కొక్కరి గెలుపు అవకాశం నిజానికి సగమే కనుక, న్యాయమైన ఆడ్స్ 2.00 ఉండాలి. 100 యూనిట్లు కాసినప్పుడు సగటున తిరిగి వచ్చేది 95 మాత్రమే, అంటే ప్రతి 100కూ 5 యూనిట్లు సైట్‌కు మార్జిన్ కింద పోతున్నాయి. అదే మ్యాచ్‌కు మరో సైట్ 1.95 ఇస్తే పోయేది రెండున్నర యూనిట్లే. కాబట్టి ఖాతా తెరిచే ముందు, ఇంకా ఆట మొదలుకాని పది పన్నెండు మ్యాచ్‌ల ఆడ్స్‌ను మూడు సైట్లలోనూ ఒకే సమయంలో చూసి రాసుకోండి. డిపాజిట్ చేయకుండానే ఈ పని చేయవచ్చు. ఏ సైట్ ఎంత కోస్తుందో అప్పుడే కళ్లకు కడుతుంది.

ఇప్పుడు మీ మూడు ఆఫర్లకూ మార్జిన్ 5 శాతమే అనుకుని లెక్క వేద్దాం. మొదటిదానిలో 200కు 8 రెట్లు, అంటే 1600 యూనిట్ల పందేలు కాయాలి. అందులో 5 శాతం 80 యూనిట్లు. చేతికి వచ్చే 100 బోనస్‌లో సగటున 80 ఖర్చయి 20 మిగులుతుంది. రెండోదానిలో 50కి 5 రెట్లు, 250 యూనిట్లు. దాని ఖర్చు 12.5 కనుక సగటున 37.5 మిగులుతుంది. చిన్నదిగా కనిపించిన బోనస్ పెద్దదానికి దాదాపు రెట్టింపు విలువ చేస్తోంది.

మూడోదాని లెక్క వేరు. ఫ్రీ బెట్‌లో పందెం సొమ్ము తిరిగి రాదు కాబట్టి, దానిని 1.50 ఆడ్స్ ఉన్న ఫేవరెట్ (గెలుపు అవకాశం ఎక్కువున్న ఆటగాడు) మీద పెడితే గెలిచినా వచ్చేది 15 యూనిట్లే. మార్జిన్ కూడా లెక్కలోకి తీసుకుంటే గెలుపు అవకాశం సుమారు 63 శాతం, సగటు విలువ 9.5. అదే ఫ్రీ బెట్‌ను 3.00 ఆడ్స్ ఉన్న ఆటగాడి మీద పెడితే గెలుపు అవకాశం 32 శాతానికి కాస్త తక్కువైనా వచ్చే లాభం 60 కనుక సగటు విలువ 19 అవుతుంది. ముందుగా కాయవలసిన 30 యూనిట్ల పందెం మీద పోయే ఒకటిన్నర తీసివేస్తే 17.5. సొంత డబ్బుతో ఫేవరెట్ల వైపు మొగ్గే అలవాటు ఉన్నవారు ఫ్రీ బెట్‌ను కూడా అలాగే వాడి సగం విలువ పోగొట్టుకుంటారు. అయితే ఆడ్స్ ఎక్కువయ్యే కొద్దీ సైట్లు మార్జిన్‌ను కూడా సాధారణంగా ఎక్కువగానే దాస్తాయి, అందుకని 10.00, 15.00 ఆడ్స్ వైపు వెళ్లవద్దు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 30 యూనిట్లు మాత్రమే ప్రమాదంలో పెట్టిన మూడో ఆఫర్ విలువ 17.5 అయితే, 1600 యూనిట్లు తిప్పిన మొదటి ఆఫర్ విలువ 20. ఆ రెండున్నర యూనిట్ల తేడా కోసం అంత శ్రమ, అంత ఒడిదుడుకు దేనికి? పైగా 20 అనేది సగటు మాత్రమే. ఒక్కో పందెం 20 యూనిట్ల చొప్పున కాసినా 80 పందేలు కావాలి, రోల్‌ఓవర్ పూర్తి కాకముందే ఖాతా ఖాళీ అయ్యేవారూ ఉంటారు. గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో మొత్తం 127 మ్యాచ్‌లు, మహిళలవి మరో 127. తొలి రౌండ్లలో సీడెడ్ ఆటగాళ్లు తలపడే మ్యాచ్‌లలో చాలావాటికి ఫేవరెట్ ఆడ్స్ 1.10, 1.25 దగ్గరే ఉంటాయి కాబట్టి, 1.80 దాటినవాటి కోసం వెతుకుతూ మీకు ఏ అభిప్రాయమూ లేని మ్యాచ్‌ల మీద కూడా పందెం కాయవలసి వస్తుంది. నా దృష్టిలో మొదటి ఆఫర్‌లోని అసలు లోపం ఇదే. అది మీ చేత మీరు మామూలుగా కాయని పందేలు కాయిస్తుంది.

జవాబు: సెకండ్‌సర్వ్

టైబ్రేక్ గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే టెన్నిస్‌కు ప్రత్యేకమైన ఒక నియమం బోనస్ పేజీలో కాక సైట్ సాధారణ నియమాలలో ఉంటుంది, దానిని చదవకుండా ఏ ఆఫర్‌నూ పోల్చవద్దు. మ్యాచ్ మధ్యలో ఆటగాడు గాయంతో రిటైర్ అయినా, అంపైర్ అతడిని అనర్హుడిగా ప్రకటించినా పందెం ఏమవుతుంది అన్నదే ఆ నియమం. సైట్లు దీనిని ప్రధానంగా మూడు రకాలుగా పాటిస్తాయి. కొన్నింటిలో ఒక్క బంతి ఆడినా చాలు, తర్వాతి రౌండ్‌కు వెళ్లిన ఆటగాడే విజేత. కొన్నింటిలో మొదటి సెట్ పూర్తయి ఉండాలి, లేకపోతే పందెం రద్దు. మరికొన్నింటిలో మ్యాచ్ మొత్తం ఆడి ముగించాలి. మ్యాచ్ మొదలుకాకముందే వాకోవర్ ఇస్తే మాత్రం దాదాపు అన్నిచోట్లా పందెం రద్దయి సొమ్ము తిరిగి వస్తుంది.

దీని ప్రభావం ఎంతో అందరూ చూసిన మ్యాచ్‌లతోనే చెబుతాను. 2020 యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో జొకోవిచ్ తొలి సెట్‌లో కరేన్యో బుస్తా మీద 5-6తో వెనుకబడి ఉన్నప్పుడు, సర్వీస్ కోల్పోయిన అసహనంతో వెనక్కి కొట్టిన బంతి లైన్ జడ్జికి తగలడంతో అతడిని అనర్హుడిగా ప్రకటించారు. మరొక్క గేమ్ జరిగి ఉంటే సెట్ అయిపోయేదేమో, లేదా టైబ్రేక్‌కు వెళ్లేది. సెట్ పూర్తి కాలేదు కాబట్టి, తొలి సెట్ నియమం ఉన్న చోట కరేన్యో బుస్తా మీద కాసినవారికి పందెం సొమ్ము మాత్రమే తిరిగి వస్తుంది. ఒక్క బంతి నియమం ఉన్న చోట అదే పందెం గెలుపు, అదీ జొకోవిచ్ ప్రత్యర్థికి ఇచ్చే ఎత్తైన ఆడ్స్‌తో. 2022 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్‌లో నాదల్ 7-6, 6-6 దగ్గర ఉండగా జ్వెరెవ్ చీలమండ మెలిపడి తప్పుకున్నాడు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్‌లో జొకోవిచ్ తొలి సెట్‌ను 6-7తో కోల్పోగానే జ్వెరెవ్‌తో చేయి కలిపి వెళ్లిపోయాడు. ఈ రెండింటిలోనూ తొలి సెట్ పూర్తయింది కనుక మొదటి రెండు నియమాల ప్రకారం పందేలు నిలుస్తాయి, మ్యాచ్ పూర్తి కావాలనే సైట్‌లో మాత్రం రద్దవుతాయి.

ఇప్పుడు దీనిని బోనస్‌తో కలిపి ఆలోచించండి. రద్దయిన పందెం సాధారణంగా రోల్‌ఓవర్ లెక్కలోకి రాదు, కాబట్టి 20 యూనిట్ల పందెం రద్దయితే ఆ 20కి మళ్లీ మరో మ్యాచ్ వెతకాలి. గడువు మాత్రం మన కోసం ఆగదు. మీరు అడిగిన మూడో ఆఫర్‌లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అర్హత కోసం కాసిన పందెం రద్దయితే ఫ్రీ బెట్ రాదు. ఫ్రీ బెట్‌తో కాసిన పందెమే రద్దయితే కొన్ని సైట్లు దానిని ఖాతాలోకి తిరిగి ఇస్తాయి, కొన్ని అంతటితో అయిపోయినట్టే లెక్కిస్తాయి. ఈ ఒక్క వాక్యం షరతులలో కనిపించకపోతే, పందెం కాసే ముందే కస్టమర్ సపోర్ట్‌కు రాసి, వారి జవాబును దాచుకోండి.

మొత్తం గేమ్‌ల సంఖ్య మీద కాసే పందేలకు వేరే పద్ధతి ఉంది. ఆట ఆగిపోయేసరికే ఫలితం తేలిపోయిన పందేలు సాధారణంగా నిలుస్తాయి. పైన చెప్పిన నాదల్, జ్వెరెవ్ మ్యాచ్‌లో అప్పటికే 25 గేమ్‌లు జరిగాయి కనుక, 20.5 కంటే ఎక్కువ గేమ్‌లు జరుగుతాయని కాసిన పందెం తేలిపోయినట్టే. ఇంకా తేలనివి రద్దవుతాయి.

బేస్‌లైన్

ఇద్దరికీ ధన్యవాదాలు. సెకండ్‌సర్వ్ గారు చెప్పిన తర్వాత నియమాల పేజీలు తెరిచి చూశాను. మొదటి, మూడో సైట్లలో తొలి సెట్ నియమం ఉంది, రెండోదానిలో మ్యాచ్ పూర్తి కావాలని ఉంది. మూడో సైట్ మరో రెండు ఆఫర్లు కూడా చూపిస్తోంది. ఒకటి, మనం కాసిన ఆటగాడు రెండు సెట్ల ఆధిక్యం సాధించగానే పందెం గెలిచినట్టే చెల్లిస్తారు. రెండోది, ఐదు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెంగా కాసి గెలిస్తే లాభం మీద 10 శాతం అదనం. ఇవి పాత ఖాతాదారులకూ వర్తిస్తాయట. వీటికి విలువ ఇవ్వవచ్చా? మరో సందేహం, వాన వల్ల మ్యాచ్ మరుసటి రోజుకు వాయిదా పడితే 7 రోజుల గడువు పెరుగుతుందా?

జవాబు: డ్రాప్‌షాట్

రెండు సెట్ల ఆధిక్యానికి ముందస్తు చెల్లింపు ఇచ్చే ఆఫర్‌కు నిజమైన విలువ ఉంది, కానీ అది ఐదు సెట్ల మ్యాచ్‌లకే, అంటే ఆచరణలో గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌కే. మహిళల మ్యాచ్‌లలోనూ మిగతా టోర్నీలలోనూ రెండు సెట్లు గెలిస్తే మ్యాచే గెలిచినట్టు కనుక అక్కడ దీనికి అర్థం లేదు. మీరు గ్రాండ్‌స్లామ్‌ల మీదే కాస్తారు కాబట్టి మీకు పనికొస్తుంది. 2021 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌లో సిట్సిపాస్ రెండు సెట్లు గెలిచి జొకోవిచ్ చేతిలో ఓడిపోయాడు. 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌లో మెద్వెదెవ్ 6-2, 7-6తో ముందుండి నాదల్‌కు టైటిల్ వదులుకున్నాడు. అన్నింటికంటే చక్కని ఉదాహరణ 2025 వింబుల్డన్ నాలుగో రౌండ్. సిన్నర్ మీద దిమిత్రోవ్ 6-3, 7-5, 2-2తో ఉండగా ఛాతీ కండరం పట్టేసి ఆట ఆపేశాడు. తొలి సెట్ నియమం ప్రకారం చూస్తే దిమిత్రోవ్ మీద కాసినవారు ఓడినట్టే, కానీ ఇలాంటి ఆఫర్ ఉన్న చోట రెండో సెట్ ముగిసిన క్షణానే వారి పందెం గెలిచింది.

అలాగని దీనికోసం తక్కువ ఆడ్స్ ఒప్పుకోవద్దు. వేరేచోట 1.90 దొరికే ఆటగాడికి ఇక్కడ 1.80 ఇస్తుంటే, ఎప్పుడో జరిగే అద్భుతానికి మీరు ప్రతి పందెంలోనూ రుసుము కడుతున్నట్టే. ఆట మొదలుకాకముందు మ్యాచ్ విజేత మీద కాసిన పందేలకే ఇది వర్తిస్తుందా, ఫ్రీ బెట్‌తో కాసినవాటిని మినహాయించారా అన్నది కూడా చూసుకోండి.

ఐదు మ్యాచ్‌ల పందెం మీద 10 శాతం అదనం గురించి మాత్రం నాది గట్టి అభిప్రాయమే. దానికోసం అలవాటు మార్చుకోవద్దు. 1.25 ఆడ్స్ ఉన్న ఐదుగురు ఫేవరెట్లను కలిపితే మొత్తం ఆడ్స్ సుమారు 3.05. ప్రతి మ్యాచ్‌లోనూ 5 శాతం మార్జిన్ ఉందనుకుంటే ఒక్కొక్కరి నిజమైన గెలుపు అవకాశం 76 శాతం, ఐదుగురూ గెలిచే అవకాశం 25 శాతానికి కాస్త పైన. 100 యూనిట్లకు సగటున తిరిగి వచ్చేది 77.4 మాత్రమే, 10 శాతం అదనం కలిపినా 82.6. ఐదు మార్జిన్లు ఒకదాని మీద ఒకటి పేరుకోవడమే దీనికి కారణం. విడివిడిగా కాస్తే 95 తిరిగి వచ్చే చోట, బోనస్ ఇస్తామని పిలిచి 82.6 ఇస్తున్నారన్నమాట. ఒక మ్యాచ్ రద్దయితే పందెం నాలుగు మ్యాచ్‌లకు తగ్గి, ఆ అదనం కూడా చాలాచోట్ల పోతుంది.

వాన విషయానికి వస్తే, గడువు పెరగదనే అనుకోండి. రోల్‌ఓవర్‌లో పందెం కాసిన రోజు కాక, ఫలితం తేలిన రోజునే చాలా సైట్లు లెక్కిస్తాయి. వింబుల్డన్‌లో పైకప్పు ఉన్నవి సెంటర్ కోర్టు, ఒకటో నంబర్ కోర్టు మాత్రమే, తొలి వారంలో చాలా మ్యాచ్‌లు బయటి కోర్టులలోనే జరుగుతాయి కనుక ఒక తడి రోజు వస్తే మ్యాచ్‌లు మరుసటి రోజుకు జరిగిపోతాయి. చివరి రెండు రోజుల మీద ఆధారపడకుండా గడువు సగంలోనే పని ముగించేలా చూసుకోండి.

జవాబు: క్లేకోర్ట్

ఇప్పటివరకూ చెప్పినవన్నీ లైసెన్స్ ఉన్న సైట్లకే వర్తిస్తాయని నేను గుర్తు చేయదలిచాను. మీరు ఉన్న చోట ఆన్‌లైన్ పందేలను చట్టం అనుమతించకపోతే ఈ పోలిక మొత్తం పక్కన పెట్టండి, ఎందుకంటే అక్కడ బోనస్ ఇవ్వకపోయినా, గెలిచిన సొమ్ము ఆపేసినా అడిగే దిక్కు ఉండదు. అనుమతి ఉన్న చోట నియంత్రణ సంస్థ ఈ రెట్ల మీద ఏం చెబుతోందో చూడండి. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ 2026 జనవరి 19 నుంచి బోనస్ మీద పెట్టే రోల్‌ఓవర్‌ను 10 రెట్లకు పరిమితం చేసింది. వేరేచోట్ల 30, 40 రెట్లు అడిగే ఆఫర్ కనిపిస్తే టైబ్రేక్ గారి గుణకారం ఒక్కసారి చేసి చూడండి, 5 శాతం మార్జిన్‌తో 20 రెట్ల దగ్గరే బోనస్ మొత్తం హరించుకుపోతుంది.

ఒకే మ్యాచ్‌లో ఇద్దరు ఆటగాళ్ల మీదా కాసి రోల్‌ఓవర్ పూర్తి చేయాలని చూడవద్దు. చాలా సైట్ల షరతులలో అది నిషిద్ధం, బోనస్‌నూ దానితో గెలిచినదానినీ రద్దు చేయడానికి వారికి అదే ఆధారం అవుతుంది. రోల్‌ఓవర్ మధ్యలో విత్‌డ్రా అడిగినా సాధారణంగా బోనస్ పోతుంది. గుర్తింపు పత్రాల పరిశీలనను గెలిచిన తర్వాతకు వదిలేయకుండా డిపాజిట్‌కు ముందే పూర్తి చేసుకోండి. కొన్ని చెల్లింపు పద్ధతులతో వేసిన డిపాజిట్‌కు బోనస్ ఇవ్వరు కనుక అదీ చూసుకోండి.

బేస్‌లైన్ గారూ, మీరు ఒక టోర్నీ మొత్తానికి సాధారణంగా ఎంత కాస్తారో రాయలేదు. అది 1600 యూనిట్లకు చాలా తక్కువైతే మొదటి ఆఫర్ గురించి ఆలోచించనే వద్దు. డిపాజిట్ పరిమితిని బోనస్ చూసి కాక, ఆ పాత లెక్క చూసి ఖాతా తెరిచిన రోజే పెట్టుకోండి. రోల్‌ఓవర్ పూర్తి చేయడానికి మళ్లీ డిపాజిట్ చేయాలనిపించిన క్షణంలో, ఆ బోనస్‌ను వదులుకోవడమే చౌక.

బేస్‌లైన్

క్లేకోర్ట్ గారూ, పందేలకు అనుమతి ఉన్న చోటే ఉన్నాను, మూడు సైట్లకూ లైసెన్స్ ఉంది. ఒక టోర్నీకి నేను కాసేది 200 యూనిట్లకు మించదు, కాబట్టి మొదటి ఆఫర్ పోటీలో లేదు. రెండోదానికి 250 కాయాలి, నా మామూలు లెక్క కంటే కొంచెం ఎక్కువ, పైగా అక్కడ మ్యాచ్ పూర్తి కావాలనే నియమం ఉంది. అందుకని మూడో సైట్ వైపు మొగ్గుతున్నాను. అర్హత కోసం కాసే 30 యూనిట్ల పందేన్ని టోర్నీ తొలి రోజే కాయడం మంచిదా, రెండో వారం దాకా ఆగడం మంచిదా?

జవాబు: టైబ్రేక్

మీ 200 యూనిట్ల లెక్కకు మూడోదే సరిపోతుంది. తొలి రోజే కాయవలసిన అవసరం లేదు. పందెం తేలిన తర్వాతే ఫ్రీ బెట్ వస్తుంది, ఏడు రోజుల గడువు అప్పుడే మొదలవుతుంది కనుక, మొదటి వారం చివరి రోజులలో, అంటే మూడో రౌండ్‌లో కాయండి. అప్పటికి ఆటగాళ్లు రెండేసి మ్యాచ్‌లు ఆడి ఉంటారు, ఎవరు కాలికి కట్టుతో దిగుతున్నారో, ఎవరు మధ్యలో ఫిజియోను పిలిపించుకుంటున్నారో మీరే చూసి ఉంటారు కాబట్టి రద్దయ్యే ప్రమాదం ఉన్న మ్యాచ్‌లను పక్కన పెట్టవచ్చు. ఫ్రీ బెట్ చేతికి వచ్చేసరికి నాలుగో రౌండ్, క్వార్టర్‌ఫైనల్స్ ఉంటాయి. ఆ దశలో 2.50 నుంచి 3.50 మధ్య ఆడ్స్ ఉన్న గట్టి ఆటగాళ్లు చాలామందే దొరుకుతారు. సైట్ తొలి సెట్ నియమం పాటిస్తోంది కనుక, ఫ్రీ బెట్ రద్దయితే తిరిగి ఇస్తారా లేదా అనే ప్రశ్నకు సపోర్ట్ వారి జవాబు వచ్చాకే ఆ తొలి 30 యూనిట్లు కాయండి.